ఎలక్ట్రిక్ స్కూటర్: బండి బాగుంది, ప్లగ్గే దొరకాలి

నేను ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నది 2022 మధ్యలో. అప్పట్నుంచి హైదరాబాద్‌లో కొత్తపేట నుంచి అమీర్‌పేటకు ఆఫీసుకి దాని మీదే వెళ్ళొస్తున్నాను. బండి మీద నాకు పెద్ద కంప్లైంట్లు లేవు. ఉన్నవన్నీ దాన్ని ఎక్కడ పెట్టి చార్జ్ చేయాలి, పాడైతే ఎవరికి చూపించాలి అన్న రెండు విషయాల మీదే. వీడియో రివ్యూల్లో ఈ రెండూ చివరి అర నిమిషంలో వచ్చి పోతాయి కాబట్టి నేను వాటి గురించే ఎక్కువ రాస్తాను. కంపెనీ పేరు రాయడం లేదు. మూడు కిలోవాట్ అవర్ల, అంటే మూడు యూనిట్ల కరెంటు పట్టే, బ్యాటరీ ఉన్న మామూలు ఫ్యామిలీ స్కూటర్ అనుకోండి, ఈ తరగతి బండ్లన్నిటి సంగతీ కాస్త అటూ ఇటుగా ఇంతే.

మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో పార్కింగ్, మెట్ల కింద మీటర్ బోర్డులు. నా బండిలో బ్యాటరీ ఊడదీసి పైకి తీసుకెళ్ళేది కాదు. అంటే సెల్లార్‌లోకి మన మీటర్ నుంచే ఒక పాయింట్ లాగించుకోవాలి. ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ చెక్ చేసి, రెండున్నర ఎంఎం వైరు వేసి, విడిగా ఒక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చి), 16 ఆంపియర్ల సాకెట్ పెట్టాడు. స్కూటర్ చార్జర్ లాగే కరెంటు ఎంత అంటే ఇంట్లో మిక్సీ అంత. కాకపోతే మిక్సీ ఐదు నిమిషాలు తిరిగి ఆగుతుంది, ఇది నాలుగైదు గంటలు ఆపకుండా లాగుతుంది. లూజైన పాత సాకెట్లో పెడితే పిన్ను దగ్గర వేడెక్కి, తెల్ల ప్లాస్టిక్ ముందు గోధుమ రంగుకి తిరుగుతుంది, తర్వాత మెత్తబడుతుంది. మా పక్క బ్లాకులో ఒకాయన ప్లగ్గు అలాగే సాకెట్‌కి అతుక్కుపోయింది. వైరింగ్ దగ్గర వెయ్యి రూపాయలు మిగిల్చుకోవాలని మాత్రం చూడకండి.

నేను ఈ పాయింట్ పెట్టించుకున్న కొన్నాళ్ళకే, 2022 సెప్టెంబరులో, సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. మర్నాడే మా అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు వచ్చి, "బాబూ, ఏమనుకోకు, బండి గేటు బయట పెట్టి చార్జ్ చేస్కో" అన్నారు. ఆయన భయంలో అర్థం లేకపోలేదు, పైన ముసలివాళ్ళూ పిల్లలూ ఉన్నారు. కానీ బయట పెడితే వాన ఒకటి, ఫుట్‌పాత్ మీదుగా వైరు ఒకటి, దానివల్ల వచ్చే ప్రమాదం ఇంకొకటి. చాలా మాట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. రాత్రి పదకొండు దాటాక చార్జింగ్ ఉండదు, పక్కన పెట్రోలు బండి ఆపరు, ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ నా ఖర్చుతో కొనివ్వాలి. లిథియం సెల్ అంటుకుంటే ఆ సిలిండర్ ఆర్పేస్తుందని నాకు నమ్మకం లేదు. వైరింగ్ మంటకైతే పనికొస్తుంది, అదీ మేలే. ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీల భద్రతకు ఏఐఎస్-156 కొత్త నిబంధనలు రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. అందుకని సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు బండి తయారైన తేదీ చూసుకోవడం మంచిది, 2023 ఏప్రిల్ తర్వాతదైతే మేలు.

ఇక ఖర్చు. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు వంద దాటి చాలా కాలమైంది. నా పాత బండి లీటరుకి నలభై ఐదు ఇచ్చేది, అంటే కిలోమీటరుకి రెండు రూపాయలకు పైమాటే. దీనికి ఖాళీ నుంచి ఫుల్ చేయడానికి, చార్జర్ దగ్గర పోయే నష్టం కూడా కలిపితే, మూడున్నర యూనిట్ల దాకా పడుతుంది. నెల మొత్తానికి ముప్పై ఐదు, నలభై యూనిట్లు. ఇక్కడే ఎవరూ చెప్పని చిన్న మెలిక ఉంది. ఈ యూనిట్లు మన బిల్లులో పై స్లాబులోకి వెళ్ళి కూర్చుంటాయి. 200 దాటిన ఇంట్లో ఆ పైన యూనిట్ 7.70 రూపాయలు, 300 దాటితే 9 రూపాయలు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ నడిచినప్పుడు స్కూటర్ కరెంటు కూడా తొమ్మిది రూపాయల లెక్కనే పడుతుంది. అయినా కిలోమీటరుకి అర్ధరూపాయి దాటదు, అది వేరే సంగతి.

నెలకు 200 యూనిట్ల దాకా వాడే ఇళ్ళకు రాష్ట్రం ఉచితంగా కరెంటిచ్చే పథకం గృహజ్యోతి. అందులో జీరో బిల్లు వచ్చే వాళ్ళకు మాత్రం లెక్క మారుతుంది. మా తోడల్లుడు నాగోల్‌లో ఉంటాడు, వాళ్ళ ఇల్లు నెలకు 170, 180 యూనిట్ల దగ్గర తిరుగుతుంది. నా బండి చూసి ఆయనా కొన్నాడు. మొదటి నెలే మీటర్ 200 దాటింది, జీరో బిల్లు పోయి మొత్తం యూనిట్లకూ బిల్లు వచ్చింది. "పెట్రోలు మిగిలింది గానీ కరెంటాయన పట్టుకున్నాడు బావా" అని ఇప్పటికీ దెప్పుతాడు. ఇప్పుడు వారంలో రెండు రోజులు ఆఫీసులో చార్జ్ చేసుకుంటున్నాడు. మీ ఇంటి బిల్లు ఈ అంచు మీద ఉంటే షోరూంకి వెళ్ళే ముందు పాత బిల్లులు ఓసారి తీసి చూడండి.

రేంజ్ గురించి. కంపెనీ కాగితం మీద వంద పైన రాస్తుంది, అది నిర్ణీత వేగాలతో టెస్టులో తీసిన లెక్క. మలక్‌పేట ట్రాఫిక్‌లో, వెనక మనిషితో, అంత రాదు. కొత్తలో ఈకో మోడ్‌లో ఎనభై పైన వచ్చేది, ఇప్పుడు డెబ్బై చుట్టుపక్కల వస్తోంది. రోజుకి ముప్పై లోపు తిరిగే నాకు ఆ తగ్గుదల తెలియను కూడా తెలియలేదు. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద రోజూ ఇద్దరు ఎక్కి తిరిగే వాళ్ళకు తెలుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం తిరిగొచ్చిన వెంటనే ప్లగ్ పెట్టను, అరగంట నీడలో ఆరనిస్తాను. వేడి మీద చార్జింగే బ్యాటరీ వయసుని తినేది.

నడపడంలో వచ్చే సుఖం మాత్రం నేను అనుకోనిది. మే నెలలో చాదర్‌ఘాట్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాళ్ళ మధ్య నుంచి ఇంజిన్ వేడి కొట్టదు, చేతులకు వణుకు ఉండదు. సిగ్నల్ పడగానే ముందుండేది ఇదే. చప్పుడు లేకపోవడం ఒక్కటే ఇబ్బంది. కోఠి, సుల్తాన్ బజార్ దగ్గర జనం వెనక్కి చూడకుండా రోడ్డు మీదికి వచ్చేస్తారు, హారన్ మీద ఒక వేలు ఎప్పుడూ ఉండాల్సిందే. పొగ రాదు కదా అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, మన కరెంటులో ఎక్కువ భాగం సింగరేణి బొగ్గుదే. పొగ అమీర్‌పేటలో రాదు, అంతే. అయినా సిగ్నల్ దగ్గర మన వెనకున్న మనిషి ముక్కులోకి మన బండి పొగ పోకపోవడం చిన్న విషయమేమీ కాదు.

వానాకాలం దగ్గర నేను సాహసాలు చేయను. మోటార్‌కి, బ్యాటరీకి ఐపీ67 రేటింగ్ (దుమ్ము, నీళ్ళు లోపలికి పోవని చెప్పే గుర్తు) ఉంది, నీళ్ళకు తట్టుకుంటుంది అంటారు. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళలో. మలక్‌పేట రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచేది బురద, డ్రైనేజీ కలిసిన నీరు. నా దారి మీదే, నెత్తి మీదుగా, ఎల్బీనగర్-మియాపూర్ మెట్రో పోతోంది. గట్టి వాన పడిన రోజు బండి సెల్లార్‌లో పెట్టి అది ఎక్కేస్తాను.

సర్వీసు దగ్గర ఓపిక కావాలి. ఇంజిన్ ఆయిల్ లేదు, చెయిన్ లేదు, కాబట్టి మామూలుగా చేయించాల్సింది బ్రేకులూ టైర్లే. కానీ ఒకసారి నల్లగొండ క్రాస్‌రోడ్స్ దగ్గర డిస్‌ప్లే నల్లగా అయిపోయి బండి మొండికేసింది. పక్కనే మెకానిక్ షెడ్డు ఉంది. ఆయన బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, "ఇది ఫోన్ రిపేర్ చేసెటోడు చూడాలె సార్, నాతోని కాదు" అన్నాడు. ట్రాలీ ఆటోలో సర్వీస్ సెంటర్‌కి చేర్చాను. లోపం చిన్నదే, 12 వోల్టుల చిన్న బ్యాటరీ పోయింది. ఆ పార్టు వచ్చేసరికి రెండు వారాలు. పెట్రోలు బండైతే అదే రోజు సాయంత్రం ఇంటికొచ్చేది. పంక్చర్ షాపుల్లోనూ వెనక చక్రం అంటే భయపడతారు, మోటార్ దాంట్లోనే ఉంది కదా, వైర్లు తెగుతాయేమోనని. ట్యూబ్‌లెస్ టైరుకి చక్రం విప్పే పని లేదని చెప్పి, దగ్గరుండి స్ట్రిప్ పెట్టించుకోవాలి.

ఊరు దాటే పని పెట్టుకోకండి. యాదగిరిగుట్ట ఒకవైపే అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్కసారి వెళ్ళాం. భువనగిరిలో ఒక టిఫిన్ సెంటర్ ఓనర్‌ని బతిమాలి ప్లగ్ పెట్టించుకుని, ఇడ్లీ తిన్నాక రెండు టీలు, మళ్ళీ ఒక టీ తాగుతూ కూర్చున్నాం. మా ఆవిడ ఇప్పుడు గుట్టకి అంటే ఉప్పల్‌లో బస్సెక్కుదాం అంటుంది. రోడ్డు పక్క చార్జింగ్ స్టేషన్లు పెరిగాయి గానీ అవి ఎక్కువ కార్లవి. స్కూటర్లకైతే ఒక కంపెనీ చార్జింగ్ గన్ ఇంకో కంపెనీ బండికి పట్టకపోవడం మామూలు. 2023లో దేశంలో ప్రమాణాలు ఖాయం చేసే సంస్థ బీఐఎస్ చిన్న బండ్ల చార్జింగ్ కనెక్టర్‌కి ఒక ప్రమాణం ఖాయం చేసింది, కంపెనీలన్నీ దానికి రావాలి.

నేను కొన్నప్పుడు కేంద్రం ఫేమ్-2 కింద కిలోవాట్ అవర్‌కి 15,000 రూపాయల సబ్సిడీ ఇచ్చేది. 2023 జూన్‌లో దాన్ని 10,000కి తగ్గించారు, ఆ పథకం 2024 మార్చితో ముగిసింది. దాని తర్వాత కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఇచ్చింది ఇంకా తక్కువ. రాష్ట్రం వైపు నుంచి మాత్రం లాభం ఉంది. 2024 నవంబరు ఉత్తర్వుతో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 దాకా పూర్తిగా మాఫీ. నా బండి బ్యాటరీ వారంటీ ఎప్పుడో అయిపోయింది, కొత్త బ్యాటరీ ధర అడిగితే గుండె ఆగినంత పనైంది. కాబట్టి ఇది నడిచినన్నాళ్ళు నడిపి, ఎక్కువ వారంటీ ఇచ్చే కొత్తది తీసుకోవాలని నా ఆలోచన.

ఈలోగా మా ఆవిడ తన స్కూటీ ఇచ్చేసి ఎలక్ట్రిక్ తీసుకుంటానంటోంది. సెల్లార్‌లో సాకెట్ ఒకటే, టైము రాత్రి పదకొండు దాకానే. ఈ మధ్యే పై ఫ్లోర్ వాళ్ళు కూడా కారు బుక్ చేశారట. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో అందరికీ కలిపి విడిగా ఒక చార్జింగ్ మీటర్ పెట్టించే విషయం అడుగుదామనుకుంటున్నాం, ప్రెసిడెంట్ గారికి ఇంకా చెప్పలేదు.