విజయవాడ పటమట నర్సరీలో కొన్న హవర్తియా మొక్క: ఏడాది తర్వాత నా మాట

అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన, ఇలాగే ఆకుల్లో నీళ్లు దాచుకునే ఎచెవేరియా మొక్క మూడు వారాల్లో కుళ్లిపోయింది. ఉత్త కొబ్బరి పొట్టులో పెట్టి పంపారు, నేనేమో తులసికి పోసినట్టు రోజూ నీళ్లు పోశాను. చాలా బాధేసింది.

అందుకే ఈసారి పటమటలో రోడ్డు పక్కనున్న చిన్న నర్సరీకి వెళ్లాను. 120 రూపాయలకు అరచేతిలో పట్టేంత హవర్తియా ఇచ్చారు, ఆకుల మీద తెల్లటి చారలతో. అక్కడి పెద్దాయన మొక్క వేళ్లకున్న కొబ్బరి పొట్టంతా దులిపి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలో నా కళ్ల ముందే నాటారు. దానికి డబ్బులు తీసుకోలేదు. "ఇది దక్షిణాఫ్రికా మొక్కమ్మా, ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. అడుగు దాకా ఆరితేనే పోయండి" అన్నారు. అప్పటినుంచి చీపురుపుల్ల గుచ్చి చూస్తున్నాను. తడి మట్టి అంటితే ఆ రోజు నీళ్లు లేవు. వానాకాలంలో మూడు వారాలు పోయకపోయినా ఏమీ కాలేదు.

మన బెజవాడ ఎండ మాత్రం దీనికి పడదు. మేలో పడమటి కిటికీలో పెడితే నాలుగు రోజుల్లో ఆకులు ఎర్రబడ్డాయి. టెన్షన్ పడి ఫోటో తీసుకెళ్లి నర్సరీ పెద్దాయనకు చూపిస్తే, తూర్పు కిటికీకి మార్చమన్నారు. నెల తిరిగేసరికి మళ్లీ పచ్చబడింది.

ఒక్క లోపం: అక్కడ అమ్మే పింగాణీ కుండీలకు అడుగున రంధ్రం లేదు. అవి వద్దు, మట్టి కుండీ అడగండి. ఇప్పుడు నా మొక్క పక్కన రెండు పిలకలు వచ్చాయి, ఒకటి మా వదినకు ఇస్తాను.