ప్రిన్స్ ఆఫ్ పర్షియా, ఐజీఐ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఆడితే

పాత గేమ్‌ల మాట వస్తే అందరం జ్ఞాపకాల్లోకి వెళ్లిపోతాం. ఏ నెట్ సెంటర్‌లో ఆడేవాళ్లం, హాస్టల్లో ఎవరి సిస్టమ్ బాగుండేది, ఎవరి దగ్గర ఏ సీడీ ఉండేది. ఆ కబుర్లు నాకూ ఇష్టమే. కానీ కొన్నేళ్లుగా ఆ గేమ్‌లనే వరసపెట్టి మళ్లీ ఆడుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. జ్ఞాపకం మొదటి అరగంట వరకే పనికొస్తుంది. ఆ మ్యూజిక్ విని, ఆ మెనూ చూసి మురిసిపోవడం అయిపోయాక గేమ్ తన కాళ్ల మీద తను నిలబడాలి. కొన్ని నిలబడ్డాయి, కొన్ని పడిపోయాయి. నా అనుభవంలో గ్రాఫిక్స్‌కి ఇందులో పెద్ద పాత్ర లేదు. ఓడిపోయినప్పుడు ఎందుకు ఓడిపోయామో మనకు తెలుస్తోందా లేదా, నేను చూసేది అదొక్కటే. తెలిస్తే ఇంకోసారి ఆడాలనిపిస్తుంది. తెలియకపోతే ఎంత ఇష్టమైన గేమ్ అయినా రెండో రోజుకి మూసేస్తాం.

నేను ఎక్కువగా ఆడినవి మూడు కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

ముందు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. కోట చెరలో ఉన్న రాకుమారుణ్ణి గుంతలు, ఉచ్చులు దాటిస్తూ రాకుమార్తె దగ్గరికి చేర్చే గేమ్. జోర్డాన్ మెక్‌నర్ దీన్ని ఆపిల్ 2 కంప్యూటర్ కోసం చేశాడు, 1989లో విడుదలైంది. మన దగ్గర అందరం ఆడింది ఆ తర్వాత వచ్చిన డాస్ (విండోస్‌కి ముందటి పీసీ వ్యవస్థ) వెర్షన్. మెక్‌నర్ తన తమ్ముడి చేత పరుగులు పెట్టించి, దూకించి, వీడియో తీసి, ఆ ఫ్రేముల ఆధారంగా రాకుమారుడి కదలికలు గీశాడు. అందుకే ఈ బొమ్మకు బరువుంటుంది. పరుగులో ఉన్నవాణ్ణి ఆపితే అక్కడికక్కడే ఆగడు, కాస్త జారి ఆగుతాడు. పరుగెత్తి దూకాలంటే గుంత ఇంకా కొంచెం దూరం ఉండగానే కీ నొక్కాలి. అంచు మీదికి వచ్చాక నొక్కితే ఆ అడుగు పూర్తయ్యేలోపే కింద పడతాడు. ఇప్పటి గేమ్‌లకు అలవాటుపడిన చేతికి మొదట్లో కంట్రోల్స్ మొండికేస్తున్నట్టు అనిపిస్తాయి. కానీ షిఫ్ట్ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ అంచు దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి లెక్క చూసుకుంటే మొత్తం కోట గళ్లు గళ్లుగా కట్టి ఉందని తెలుస్తుంది. ఒక అంతస్తు దూకితే ఏమీ కాదు, రెండు అంతస్తులు పడితే ఉన్న ప్రాణాల్లో ఒకటి పోతుంది, మూడు పడితే చావే. ఈ లెక్క గేమ్ అంతా ఎక్కడా మారదు. చచ్చిన ప్రతిసారీ కారణం కళ్ల ముందే ఉంటుంది.

దీని ప్రాణం మాత్రం అరవై నిమిషాల గడియారంలో ఉంది, గేమ్ మొత్తం ఆ గంటలోపే ముగించాలి. చస్తే ఆ లెవెల్ మొదటికి వెళ్తాం గానీ గడియారం వెనక్కి వెళ్లదు. అంటే మూడో లెవెల్లో అస్థిపంజరంతో తంటాలు పడిన పది నిమిషాలు పన్నెండో లెవెల్లో మెడకు చుట్టుకుంటాయి. (కత్తితో దాన్ని చంపలేరు, వెనక్కి నెట్టుకుంటూ పోయి గుంతలో పడేయాలి.) ఈ టెన్షన్ కోసమే ఈ గేమ్ ఆడాలి. అందుకే నా సలహా: ఇప్పటి ఎమ్యులేటర్లలో (పాత గేమ్‌లను కొత్త కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాముల్లో) ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకునే సౌకర్యం ఉంటుంది, ప్రిన్స్ ఆడేటప్పుడు దాన్ని ముట్టుకోకండి. గేమ్‌లోనే కంట్రోల్-జీ కొడితే సేవ్ అవుతుంది. ఉన్న లెవెల్, మిగిలిన సమయం గుర్తుంచుకుంటుంది. అది చాలు. ప్రతి గుంత ముందూ సేవ్ చేసుకుంటూ పోతే గడియారానికి అర్థమే ఉండదు, గేమ్ ఒక సాయంత్రంలో చప్పగా ముగిసిపోతుంది.

అప్పట్లో చాలామంది మెగాహిట్ అనే చీట్ కోడ్ టైప్ చేసి, షిఫ్ట్-ఎల్ కొట్టుకుంటూ లెవెల్స్ దాటేసేవాళ్లు. అలా దాటేసినవాళ్లకు నీడ మనిషి కథ తెలిసే అవకాశం లేదు. నాలుగో లెవెల్లో దారికి అడ్డంగా ఒక అద్దం వస్తుంది. పరుగెత్తుకొచ్చి అందులోంచి దూకితే అవతలి వైపు నుంచి మన నీడ దూకి పారిపోతుంది, మన ప్రాణాలు ఒక్కటికి పడిపోతాయి. ఐదో లెవెల్లో మనం తాగాల్సిన మందు అదే తాగేస్తుంది. చివరికి పన్నెండో లెవెల్లో కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. దాన్ని పొడిస్తే దెబ్బ మనకే తగులుతుంది. అప్పుడు కత్తి ఒరలో పెట్టేయాలి. అదీ పెట్టేస్తుంది. ఇద్దరూ ఎదురుగా నడిచి ఒక్కటైపోతారు. ఒక్క మాట లేకుండా, ఒక్క సూచన లేకుండా ఇంత కథ చెప్పిన గేమ్‌లు ఇప్పటికీ నాకు పెద్దగా కనబడలేదు. కొత్త శత్రువు బొమ్మలకు ఆ కంప్యూటర్‌లో మెమరీ మిగలకపోవడంతో రాకుమారుడి బొమ్మలనే మార్చి మెక్‌నర్ ఈ నీడను పుట్టించాడు. గేమ్‌లో అన్నిటికంటే గొప్ప ఆలోచన అలా వచ్చింది. అసలు సోర్స్ కోడ్ ఉన్న ఫ్లాపీలు ఎన్నో ఏళ్లు కనబడకుండా పోయి, 2012లో దొరికాయి. ఆ కోడ్‌ని ఆయన అందరికీ అందుబాటులో పెట్టేశాడు.

డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్లు ఒక సెట్టింగ్ తప్పకుండా చూసుకోండి. ఆ రోజుల్లో 320×200 చిత్రం 4:3 తెర నిండా పరుచుకునేది. ఇప్పటి వెడల్పు తెరపై అలాగే సాగదీస్తే రాకుమారుడు పొట్టిగా, లావుగా కనిపిస్తాడు. ఆస్పెక్ట్ సవరణ ఆన్ చేస్తే మళ్లీ మనిషిలా ఉంటాడు.

ఇక ఐజీఐ, శత్రువు స్థావరాల్లోకి ఒంటరిగా దూరే షూటింగ్ గేమ్. ఇది చెప్పాలంటే మనసుకు కష్టంగానే ఉంది, ఎందుకంటే మన తరంలో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడూ దీన్ని ఆడాడు. నార్వేకి చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ చేసింది, 2000లో వచ్చింది. 14 మిషన్లు. అంతకుముందు వాళ్లు చేసిన యుద్ధ విమానాల గేమ్ ఇంజిన్‌నే దీనికి వాడారు. అందుకే అంత విశాలమైన మైదానాలు, అంత దూరం నుంచి కనిపించే సైనిక స్థావరాలు. కొండ మీద పడుకుని, బైనాక్యులర్స్‌తో వాచ్ టవర్లు లెక్కపెట్టుకుని, ఎటు నుంచి దూరాలో ఆలోచించుకునే ఆ ఐదు నిమిషాలు ఇప్పటికీ అద్భుతం. ఆ నిశ్శబ్దంలో తుపాకీ మోత కూడా ఇంకా అంతే బాగుంది.

కానీ లోపలికి దిగాక పరిస్థితి మారిపోతుంది. మిషన్ మధ్యలో సేవ్ లేదు. నలభై నిమిషాలు జాగ్రత్తగా పాకి, కెమెరాలు తప్పించుకుని, చివరి కంప్యూటర్ దాకా వచ్చాక ఎక్కడి నుంచో ఒక తూటా. ఎవడు కాల్చాడు? ముందే ఖాళీ చేసిన టవర్ నుంచా, బ్యారక్స్‌లోంచి కొత్తగా వచ్చినవాడా? తెలియదు. అలారం మోగితే వచ్చే సైనికులకు అంతూపొంతూ ఉండదు. ప్రిన్స్‌లోనూ చావు ఖరీదైనదే, కానీ అక్కడ పాఠం చేతిలో పెట్టి పంపుతుంది. ఇక్కడ శిక్ష వేస్తుంది గానీ నేరం ఏంటో చెప్పదు. చిన్నప్పుడు సెలవుల్లో చేతినిండా సమయం ఉండేది కాబట్టి చెల్లింది. ఇప్పుడు రాత్రి పదిన్నరకు ఆఫీసు పని ముగించుకుని కూర్చున్న మనిషికి నలభై నిమిషాలు అలా పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉండదు. దీనికి మాత్రం మధ్యలో సేవ్ ఉండి తీరాల్సింది. 2003లో వచ్చిన రెండో భాగంలో లెక్కపెట్టి కొన్ని సేవ్‌లు ఇచ్చారు. అక్కడ గేమ్ ఎంత తేలికపడిందో ఆడినవాళ్లకు తెలుసు. ఇప్పుడు ఐజీఐ ఆడాలనిపిస్తే మొదటి రెండు మూడు మిషన్లు ఆడి, ఆ మైదానాలు ఆస్వాదించి ఆపేయమనే చెబుతాను.

మూడోది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ఊరు కట్టి, సైన్యం పెంచి అవతలివాడిని ఓడించే వ్యూహాల గేమ్. నేను అన్నిటికంటే ఎక్కువకాలం ఆడుతున్నది ఇదే. 1999 నాటి అసలు గేమ్ ఏజ్ ఆఫ్ కింగ్స్, 2000లో వచ్చిన దాని విస్తరణ కాంకరర్స్, 2019 నవంబర్ నుంచి కొత్త రూపమైన డెఫినిటివ్ ఎడిషన్. పాతది ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఒక స్విచ్, నాలుగు కేబుళ్లతో సాగింది. చాట్‌లో 14 కొడితే త్వరగా మొదలుపెట్టమని అరుపు, 11 కొడితే నవ్వు, అవి పక్క గదుల్లోంచి కూడా వినిపించేవి. నేను మొదట ఆడిన కాపీ సైజు తగ్గించిన రిప్ వెర్షన్ కావడంతో, జోన్ ఆఫ్ ఆర్క్ క్యాంపెయిన్‌కి (కథగా సాగే మిషన్ల వరసకి) గొంతుతో చెప్పే కథ ఒకటుందని చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఈ గేమ్ ఇంకా ఎందుకు నిలబడి ఉందో మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది. మొదట్లో మన దగ్గర ఒక టౌన్ సెంటర్, పనిచేసే ముగ్గురు విలేజర్లు, చుట్టూ చూసొచ్చే ఒక గుర్రపు స్కౌట్ ఉంటారు. చేతిలో 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి. ఒక్కో విలేజర్‌కు 50 ఆహారం, 25 సెకన్లు పడుతుంది. ఆహారం నలుగురికి సరిపోతుంది. కానీ టౌన్ సెంటర్ ఐదుగురికే చోటిస్తుంది, అప్పటికే నలుగురున్నారు. అంటే ఒక్కరు పుట్టేలోపు ఇల్లు కట్టడం మొదలవ్వాలి. లేకపోతే రెండో విలేజర్ దగ్గర బండి ఆగిపోతుంది. ఇంతలో గొర్రెలు వెతకాలి, తర్వాత అడవిపందిని రెచ్చగొట్టి టౌన్ సెంటర్ దగ్గరికి లాక్కురావాలి. తర్వాతి యుగమైన ఫ్యూడల్ ఏజ్‌కి 500 ఆహారం కావాలి, ఆపై క్యాజిల్ ఏజ్‌కి 800 ఆహారం, 200 బంగారం. టౌన్ సెంటర్ ఒక్క 25 సెకన్లు ఖాళీగా ఉంటే ఒక విలేజర్ తగ్గినట్టే. ఆ విలేజర్ తేవాల్సిన ఆహారం ఆట చివరిదాకా తగ్గుతూనే ఉంటుంది. వడ్డీ లెక్కలాంటిది. అవతలివాడి నైట్లు (కవచమున్న గుర్రపు సైనికులు) మన గోడల దగ్గరికి వచ్చేసరికి మన దగ్గర వాళ్లను ఆపే ఈటెలవాళ్లు ఎందుకు లేరో తెలుసుకోవాలంటే రికార్డింగ్ తెరిచి మూడో నిమిషానికి వెళ్తే చాలు. కారణం అక్కడే దొరుకుతుంది. ఓటమికి ఇంత స్పష్టంగా లెక్క చెప్పే ఇంకో గేమ్ నాకు తెలియదు.

డెఫినిటివ్ ఎడిషన్ తెచ్చిన సౌకర్యాల్లో చాలావాటిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఏజ్ ఆఫ్ కింగ్స్‌లో ప్రతి పొలం అయిపోగానే మళ్లీ మనమే వెళ్లి 60 కలప పెట్టి వేయాల్సి వచ్చేది. కాంకరర్స్‌లో ముందే వరస కట్టి పెట్టుకునే వీలొచ్చింది. ఇప్పుడు దానంతట అదే వేసుకుంటుంది. స్కౌట్ కూడా చెబితే తనే తిరిగొస్తాడు. దీనివల్ల గేమ్ సులువైపోయిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. పొలం మళ్లీ వేయడంలో ఆలోచన ఏమీ లేదు, వేళ్లకు పని తప్ప. ఆ సమయం ఇప్పుడు యుద్ధం మీద పెట్టొచ్చు. హెచ్, సి అని కొట్టి విలేజర్లను తయారుచేసే అలవాటున్నవాళ్లు కంగారుపడక్కర్లేదు. సెట్టింగ్స్‌లో పాత కీలు పెట్టుకోవచ్చు. కంప్యూటర్ ప్రత్యర్థి కూడా ఇప్పుడు దొంగలెక్కలు లేకుండా నిజంగా బాగా ఆడుతుంది. పాత సీడీ రోజుల ఏఐని కూడా అలాగే ఉంచారు. దాన్ని కొత్తదానితో పోటీకి పెట్టి చూడండి, పాతది ఎంత అమాయకంగా ఆడేదో తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. సైనికులు దారి వెతుక్కోవడం ఇప్పటికీ సరిగ్గా లేదు. ఇరుకు సందులో నైట్లు ఒకరికొకరు అడ్డం తిరిగి నిలబడిపోతే గెలవాల్సిన పోరు చేజారుతుంది, మన ఆటలో తప్పేమీ లేకుండా. ఇంకోటి, మనం ఎంచుకుని ఆడే నాగరికతల సంఖ్య. మొదట 13 ఉండేవి. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే విస్తరణ వచ్చేసరికి 42 అయ్యాయి. కొత్తగా చేరిన మనిషి ఎప్పుడూ చూడని ప్రత్యేక దళం చేతిలో ఓడిపోతే, అది ఏంటో, దేనికి లొంగుతుందో తెలియక తికమకపడతాడు. నేను ఈ గేమ్‌లో అన్నిటికంటే విలువిచ్చే గుణమే అక్కడ కొంత దెబ్బతింటోంది.

అయినా డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చినందుకు సంతోషమే. అందులో ద్రవిడియన్స్ అనే నాగరికత, రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ ఉన్నాయి. (ఆయన మన రాజరాజ నరేంద్రుడికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా.) ద్రవిడియన్స్‌కి నైట్లు లేవు, ఉరుమి (కొరడాలా వంగే కత్తి) తిప్పే కాల్బలం ఉంది. చివరి యుగమైన ఇంపీరియల్ ఏజ్‌లో వూట్జ్ స్టీల్ అనే పరిశోధన చేస్తే కాల్బలం, గుర్రపుదళం శత్రువు కవచాన్ని లెక్కచేయకుండా కోసేస్తాయి. ఆ ఉక్కు ఒకప్పుడు తయారైన చోట్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పర్షియా వ్యాపారులు దాన్ని కొనుక్కోవడానికి అక్కడిదాకా వచ్చేవాళ్లు. ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ నాకు కోనసముద్రం గుర్తొస్తుంది. కాకతీయులకు కూడా ఒక క్యాంపెయిన్ ఇవ్వాలని నా కోరిక. రాతి గోడ, దాని చుట్టూ కందకం, ఆ బయట మట్టి గోడ, ఇలా వరసలు వరసలుగా ఉన్న ఓరుగల్లు కోట కంటే ఈ గేమ్‌కి అతికినట్టు సరిపోయే యుద్ధరంగం ఎక్కడుంది?

మిగతావాటి గురించి రెండు ముక్కలు. జాన్ రొమేరో చేసిన డేంజరస్ డేవ్ పది లెవెల్స్, ఒక మధ్యాహ్నానికి సరిపోతుంది, ఇప్పటికీ హాయిగా ఉంటుంది. రోడ్ రాష్ మాత్రం పాటలు, చైన్ తీసి కొట్టడం తప్ప నాకు ఇంకేమీ మిగల్లేదు, నాలుగు రేసులకే విసుగొచ్చింది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ డిస్కౌంట్‌లో తరచూ వస్తుంటుంది, అప్పుడు తీసుకోండి. ముందు అసలు గేమ్ ఒక్కటే కొనండి, విస్తరణలు తర్వాత చూసుకోవచ్చు. పాత హాస్టల్ స్నేహితులు నలుగురు ఒప్పుకుంటే అరేబియా మ్యాప్‌తో మొదలుపెట్టండి. అది ఖాళీ మైదానం, గంటలోపే తేలిపోతుంది. బ్లాక్ ఫారెస్ట్ పెడితే చెట్ల చాటున గోడలు కట్టుకుని ఎవరూ కదలరు, తెల్లవారుతుంది. దాన్ని శనివారం రాత్రికి ఉంచుకోండి.