బ్రాడ్‌బీచ్‌లో మా జాలారిపేట కుర్రాళ్లు

2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆస్ట్రేలియా గోల్డ్‌కోస్ట్‌లో ప్రపంచ లైఫ్‌సేవింగ్ పోటీలు, అంటే నీళ్లలో మునిగేవాళ్లని కాపాడే విద్యలో పోటీలు, జరిగాయి. క్లబ్బుల విభాగంలో దిగడానికి వైజాగ్ నుంచి ఆరుగురు కుర్రాళ్లతో వెళ్లాం. నలుగురిది పెదజాలారిపేట. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో లైఫ్‌గార్డులుగా చేసినవాళ్లే అందరూ. నేను వాళ్లకి ఈత మాస్టర్ని. మన ఊరి నుంచి ఇంకో జట్టు వెళ్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

వైజాగ్ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా ఉంది, నాలుగు గంటలు. అక్కణ్ణుంచి, గోల్డ్‌కోస్ట్‌కి దగ్గర్లోని బ్రిస్బేన్ ఇంకో ఏడున్నర గంటలు. హైదరాబాద్ వెళ్లి ఎక్కే శ్రమ తప్పింది. స్కూట్‌లో సామాను, భోజనం విడిగా కొనాలి, టికెట్టుతో పాటే తీసేసుకోండి. బోర్డులు మోసుకెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. కెరటాల మీద చేతులతో తోసుకెళ్లే రేసు బోర్డు మూడు మీటర్ల పైచిలుకు, తెడ్డుతో నడిపే సర్ఫ్ స్కీ అయితే ఆరు మీటర్ల దాకా ఉంటుంది. రెండు నెలల ముందే అక్కడి క్లబ్బు ఒకదానికి మెయిల్ పెట్టి అడిగితే, రెండు బోర్డులు అరువిచ్చారు. ఒక్క పైసా తీసుకోలేదు. ఆ మేలు మరిచిపోలేను.

బ్రిస్బేన్‌లో దిగే ముందు ఇచ్చే కార్డులో తినే వస్తువులన్నీ రాయండి. మావాళ్ల అమ్మలు ఆవకాయ, కందిపొడి, ఎండుచేపలు, పాలకోవా కట్టి పంపారు. అన్నీ రాశాం. అధికారి ఓపిగ్గా విప్పి చూసి, కోవా ఒక్కటే తీసుకున్నాడు. పాలతో చేసిన మిఠాయిలు మన దేశం నుంచి రానివ్వరు. దాచి దొరికితే జరిమానా గట్టిగానే ఉంటుంది.

బస దగ్గర దెబ్బతిన్నాం. ఫొటోలో నీళ్లు కనబడితే సముద్రమనుకుని ఓ ఇల్లు బుక్ చేశాను. తీరా వెళ్తే అది కాలవ. ఆ ఊరి లోపలంతా ఇలాంటి కాలవలే. పోటీ జరిగే కుర్రావా బీచ్‌కి రెండు బస్సులు మారాలి. పొద్దున్నే ఏడింటికి హాజరు వేయించుకోవాల్సిన కుర్రాళ్లు నాలుగున్నరకి లేచారు. రెండ్రోజులు చూసి, కట్టిన డబ్బు పోయినా సరేనని, కుర్రావా బీచ్‌కి ఆనుకునే ఉన్న బ్రాడ్‌బీచ్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం. అద్దె ఎక్కువే. కానీ రేసుకీ రేసుకీ మధ్య పిల్లలు గదికొచ్చి, వేడన్నంలో చారు పోసుకుని, గంట పడుకుని వెళ్లగలిగారు. నన్నడిగితే ఖర్చు పెట్టాల్సింది అక్కడే. ఒక్క జాగ్రత్త: పోపు పెట్టే ముందు కిటికీలు తీయండి. ఎండుమిర్చి ఘాటుకి పొగ అలారం మోగి, మేనేజరు పరుగున వచ్చాడు.

కొలను పోటీలు సౌత్‌పోర్ట్‌లో. బ్రాడ్‌బీచ్ నుంచి ట్రామ్ ఉంది. ఆ ఆగస్టులోనే క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం బస్సు, రైలు, ట్రామ్ అన్నిటికీ 50 సెంట్ల చార్జీ పెట్టింది, అప్పటికి మన ముప్ఫై రూపాయల్లోపే. విమానాశ్రయం నుంచి వచ్చే ఎయిర్‌ట్రైన్‌కి మాత్రం అది వర్తించదు. కొలనులో మేం బాగా వెనకబడ్డాం. మునిగిన మనిషి లెక్కన నీళ్లు నింపిన బొమ్మని ఒంటిచేత్తో లాగుతూ ఈదడం మావాళ్లు అంతకుముందు నాలుగు నెలలే సాధన చేశారు, అదీ అరువు బొమ్మతో.

సముద్రంలో సంగతి వేరు. మొదటి రోజు నీళ్లలో దిగొచ్చిన మా జట్టులో పెద్దోడు పళ్లు టకటకలాడుతుంటే, "నీరు సల్లగా కోసేస్తంది గానీ మాస్టారూ, లాగుడు మాత్రం మనూరి లాగుడే" అన్నాడు. ఒడ్డున నిలబడి వేలెత్తి చూపించాడు. అటూ ఇటూ తెల్లగా విరుగుతున్న కెరటాలు, మధ్యలో విరగని నల్లటి సందు. చూసేవాళ్లకి అక్కడే నెమ్మదిగా ఉన్నట్టుంటుంది, లోపలికి లాక్కెళ్లే రిప్ అదే. బోర్డు రేసులో అందరూ కెరటానికి ఎదురు తోస్తుంటే వీడు ఆ సందులో పడి, ఏమాత్రం కష్టపడకుండా నాలుగో వాడిగా బయటికెళ్లాడు. వాళ్ల తాతలు తెప్పలు దాటించిన విద్య అది. తిరిగొచ్చేటప్పుడు బోర్డు మీద నిలదొక్కుకోలేక వెనకబడ్డాడు, అది వేరే మాట.

ఇదే కుర్రావాలో ఆస్ట్రేలియా జాతీయ పోటీల్లో 1996లో, 2010లో, 2012లో ముగ్గురు కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది తెలిసి వెళ్లాను కాబట్టి, ప్రతి రేసుకీ నీళ్లలో కాపలా ఉన్న జెట్ స్కీలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది పోటీ కాదు. రోజూ పొద్దున్నే గార్డు ఇసక మీద నడుస్తూ నీళ్లు చూసి, ఆ రోజు ఎక్కడ మంచిదో అక్కడ ఎరుపు-పసుపు జెండాలు రెండు పాతుతాడు. నిన్న ఉన్నచోట ఇవాళ ఉండవు. జనం కూడా తెచ్చుకున్న తువ్వాళ్లు ఎత్తుకుని ఆ జెండాల మధ్యకే జరుగుతారు. ఆర్కే బీచ్‌లో విజిల్ ఊది గొంతు పోగొట్టుకున్న మా కుర్రాళ్లు దాన్ని చాలాసేపు నిలబడి చూశారు.

బీచ్ ఫ్లాగ్స్‌లో చిన్నోడు మూడు రౌండ్లు నెగ్గాడు. బోర్లా పడుకుని, విజిల్ పడగానే లేచి వెనక్కి తిరిగి, ఇరవై మీటర్లు పరిగెత్తి రబ్బరు గొట్టం ముక్క అందుకోవాలి. ముక్కలు మనుషుల కంటే తక్కువే ఉంటాయి. నాలుగో రౌండులో వేళ్లు తగిలినా జారిపోయింది. ఆ పోటీ అయ్యాక ఓ జడ్జి వచ్చి రెండు గొట్టం ముక్కలు వాడి చేతిలో పెట్టి వెళ్లాడు.

ఇప్పుడవి రుషికొండలో ఉన్నాయి. పొద్దున అయిదున్నరకి వస్తే ఇసకలో పాతి కనిపిస్తాయి.