వూఫర్ బాక్సు: రెండున్నరేళ్ళ తర్వాత ఆచారికి చెప్పుకున్న క్షమాపణ

నా కోపమంతా ఒక చెక్క ముక్క మీద. కారు డిక్కీలో, పాటల్లోని బేస్ (బాగా కింది స్వరాలు) మోగించే 12 అంగుళాల సబ్‌వూఫర్ స్పీకర్‌కి 2023 మార్చిలో సొంతంగా కట్టించుకున్న బాక్సు అడుగు చెక్క అది. సౌండ్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ టీ చల్లారిపోయేదాకా చెబుతాను. ఆ అడుగు చెక్క సంగతి మాత్రం మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే తప్పు పూర్తిగా నాది.

ఆంప్ (ఆంప్లిఫయర్) ఎన్ని వాట్లు, వైరు ఎంత లావు అనేవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. అసలు బాక్సు కట్టించుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెబితే చాలు. మొదట షాపులో రెడీమేడ్ బాక్సే తీసుకున్నా, ముందు పక్క పైపు రంధ్రం ఉండేది. మొదటి వారం గుండె అదిరిపోయింది, రెండో వారం తలనొప్పి మొదలైంది. నేను ఎక్కువగా వినేది ఇళయరాజా పాటలు. ఆయన పాటల్లో బేస్ గిటారు పాట కింద ఇంకో పాటలా నడుస్తూ ఉంటుంది, ఒక్కో స్వరం ఒక్కో మెట్టు దిగుతుంది. ఆ పైపు బాక్సులో మెట్లేవీ లేవు, ఏ స్వరమైనా ఒకటే ‘దుమ్ము దుమ్ము’. పైపు పొడవుకి, బాక్సులో గాలికి ఒక శ్రుతి కుదురుతుంది. ఆ శ్రుతి దగ్గర బాక్సు గట్టిగా మోగుతుంది, సరిగ్గా లెక్క కట్టకపోతే మిగతా స్వరాలన్నీ దాని వెనకే లాక్కుపోతుంది. లెక్క కట్టి చేసిన పైపు బాక్సులు బాగుంటాయి, కాదనను. గంగమ్మ జాతర డప్పులు కారులో మోగాలనుకునేవాళ్ళకి అవే కావాలి కూడా. నాకు కావాల్సింది అది కాదు.

అందుకని రంధ్రం లేని, నాలుగు వైపులా మూసేసిన బాక్సు చేయించుకుందామనుకున్నా. వూఫర్‌తో వచ్చిన కాగితంలో 1 ఘనపుటడుగు, అంటే దాదాపు 28 లీటర్లు అని ఉంది. నేను లోపలి కొలతలు 40, 36, 22 సెంటీమీటర్లు పెట్టుకున్నా. గుణిస్తే 31.7 లీటర్లు వస్తుంది, అయస్కాంతం ఆక్రమించే చోటు, లోపల అడ్డంగా పెట్టే పట్టీ తీసేస్తే సుమారుగా 28 మిగులుతుంది. ఈ లెక్క ఒక రాత్రంతా మా అబ్బాయి రఫ్ నోట్‌బుక్‌లో వేశాను, వాడి ఎక్కాల పక్కనే.

మా ఇంటికి దగ్గర్లో ఆచారి అని ఒక పెద్దాయన ఉన్నాడు, వడ్రంగి, ఈ ఏరియాలో తలుపులూ కిటికీలూ అన్నీ ఆయన చేతివే. నా కాగితం చూసి, నేను తెచ్చిన 18 ఎంఎం ఎమ్‌డీఎఫ్ (చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసే పలక) షీటు మీద గోటితో గీరి, ‘ఇది అట్ట నైనా, నీళ్ళు తగిల్తే ఉబ్బుతాది, మెరైన్ ప్లై తెచ్చుకో’ అన్నాడు, అంటే నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్. నేను ఆగానా? ఎమ్‌డీఎఫ్ అంతటా ఒకే మందంగా ఉంటుందని, లోపల ఖాళీలు ఉండవని, బాక్సు ఊరికే మోగదని, స్పీకర్లు చేసేవాళ్ళంతా ఇదే వాడతారని ఒక పావుగంట క్లాసు పీకాను. ఆయన బీడీ ఆర్పేసి, ‘సరే, దుడ్లు నీవి’ అని రంపం తీశాడు.

పని మాత్రం చూడముచ్చటగా చేశాడు. జాయింట్లకి జిగురు, ప్రతి మూడు అంగుళాలకీ ఒక స్క్రూ, లోపలి మూలలన్నిటికీ సిలికాన్. ఆ సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ లాగా పుల్లటి వాసన వస్తుంది. ఆ ఆవిరి స్పీకర్ అంచులకి మంచిది కాదంటారని వాసన పోయేదాకా, అంటే ఒక రోజుకు పైనే, వూఫర్ బిగించకుండా ఆగాం. లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వదులుగా నింపా. దానివల్ల బాక్సు ఉన్నదానికంటే కాస్త పెద్దదైనట్టు పనిచేస్తుంది. బయట మూడు వైపులా, పైనా బూడిద రంగు కార్పెట్ అంటించాం. అడుగున ఏమీ అంటించలేదు, ఎవరికి కనిపిస్తుంది అనుకున్నా. మొత్తం 3,500 అయింది, ఆచారి కూలితో కలిపి.

తర్వాత తొమ్మిది నెలలు పండగే. రోజూ తిరుపతి నుంచి చిత్తూరు పోయి రావడం నా ఉద్యోగం. చంద్రగిరి దాటాక రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది, అక్కడ సౌండ్ కొంచెం పెంచేవాణ్ణి. బేస్ గిటారు మెట్లు దిగడం వినపడింది. మృదంగంలో ఎడమ చేతి వైపు తొప్పి సాగదీసి వదిలినప్పుడు వచ్చే ఆ గుంకారం కూడా వినపడింది. వెనక నంబర్ ప్లేటు గిలక్కాయ లాగా కొట్టుకునేది, రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపు నాలుగు ముక్కలు పెడితే నోరు మూసింది. చిన్న కారు మూసేసిన గది లాంటిది కాబట్టి బాగా కింది స్వరాలకి దానంతటదే కొంత బలం ఇస్తుంది, మూసిన బాక్సుకి ఆ లాభం ఉంది. ఆ రోజుల్లో కనిపించినవాళ్ళందరికీ ఎమ్‌డీఎఫ్‌నే వాడమని చెప్పాను. ఇద్దరు నా మాట విన్నారు కూడా.

2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. రెండు రోజులు వాన దంచి కొట్టింది, కారు ఇంటి ముందు ఆరుబయటే ఉంది. తర్వాతి వారం చిత్తూరు పోతూ గమనించా, బేస్ పలచబడింది. సౌండ్ పెంచితే డిక్కీలోంచి పాములా బుస్సుమంటోంది. నెల దగ్గర పడేసరికి బుస అలాగే ఉంది, బేస్ సగానికి పడిపోయింది.

షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు డిక్కీ తెరవకుండానే, ‘కాయిల్ పోయింటాది అన్నా, కొత్తది వేసేద్దాం’ అన్నాడు, వూఫర్ లోపలి తీగ చుట్ట కాలిపోయిందని. ధర చెప్పాక నాకు టెన్షన్ మొదలైంది. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెడితే 3.4 చూపించింది. నాలుగు ఓంల కాయిల్‌కి అది మామూలే, కాయిల్ నిక్షేపంగా ఉంది. ఆంప్‌లో కూడా ఏ తేడా లేదు. అప్పుడు వూఫర్ ముందు గిన్నెలా ఉండే కోన్‌ని రెండు చేతులా మెల్లగా లోపలికి నొక్కి, కాసేపు అలాగే పట్టుకుని వదిలా. గాలి చొరబడని బాక్సయితే కోన్ బద్ధకంగా, నిదానంగా బయటికొస్తుంది, కొత్తలో అలాగే వచ్చేది. ఇప్పుడు టక్కున వచ్చేసింది. అంటే లోపల గాలి నిలవడం లేదు. మూసిన బాక్సులో ఆ గాలే స్ప్రింగు, అది కారిపోతే కోన్‌కి పట్టు ఉండదు.

కానీ ఎక్కడ కారుతోంది? చేయి పెట్టి చూస్తే తెలియలేదు. సబ్బు నురగ రాద్దామంటే కార్పెట్ అడ్డం. చివరికి దేవుడి గదిలోంచి అగరొత్తి తెచ్చుకున్నా. రాత్రి తొమ్మిదింటికి కారు తలుపులన్నీ మూసి, వెనక సీటు మడిచి, డిక్కీ వైపు బోర్లా పడుకున్నా. ఫోన్‌లోంచి వూఫర్‌కి 30 హెర్ట్జ్, అంటే బాగా కింది స్వరం సన్నగా పెట్టి, అగరొత్తిని బాక్సు అంచుల వెంబడి నడిపించా. పొగ నిటారుగా, దారం లాగా లేస్తోంది. పై అంచులు, పక్క అంచులు, ఎక్కడా ఏమీ కదల్లేదు. కుడివైపు కింది మూలకి వచ్చేసరికి దారం వణికింది, ఇంకో అంగుళం జరిపితే పొగ ముక్కలు ముక్కలుగా తెగి పక్కకి ఎగిరిపోతోంది, లోపల ఎవరో కూర్చుని ఊదుతున్నట్టు. అదే సమయానికి మా ఆవిడ బయటికొచ్చి అద్దంలోంచి తొంగి చూసి, ‘డిక్కీకి పూజేందండీ ఈ టైములో?’ అంది. నవ్వడానికి కూడా ఓపిక లేదు నాకు, పొగకి కళ్ళు మండుతున్నాయి.

పొద్దున బాక్సు బయటికి లాగితే అర్థమైంది. స్టెప్నీ ఉండే గుంటలో రెండు అంగుళాల నీళ్ళు. వెనక లైటు చుట్టూ ఉండే రబ్బరు ఎండిపోయి చీలింది, వాన నీళ్ళు అక్కణ్ణుంచి దిగి, స్టెప్నీ మీది అట్టనీ మ్యాట్‌నీ నానబెట్టి, మ్యాట్ మీద కూర్చున్న నా బాక్సు అడుగులోకి ఎక్కాయి. కార్పెట్ లేని, రంగు కూడా లేని ఎమ్‌డీఎఫ్ అంచు ఆ నీళ్ళన్నీ తాగేసింది. టీలో ముంచి మరిచిపోయిన రస్కు లాగా ఉంది. 18 ఎంఎం చెక్క ఆ మూలలో ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంది, స్క్రూ చేత్తో లాగితే వచ్చేసింది. ఆ వాపుకి జాయింటు తెరుచుకుని ఒక అరచేతి పొడవు చీలిక పడింది.

బాక్సు నెత్తిన పెట్టుకున్నంత పని చేసి ఆచారి దగ్గరికి పోయా. ఆయన ఒక్క మాటా అనలేదు, ఆ మూలని బొటనవేలితో నొక్కాడు, వేలు లోపలికి దిగింది. అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది.

2024 సంక్రాంతికి ముందు అవే కొలతలతో 18 ఎంఎం మెరైన్ ప్లైతో కొత్త బాక్సు చేశాడు. ప్లైలో పొరల మధ్య ఖాళీలుంటే ఈల వేస్తుందని నా భయం, అందుకని కోసిన ప్రతి అంచునీ ఆయనే వెలుతురుకి పెట్టి చూపించాడు. ఈసారి అడుగుకి రెండు పూతలు వార్నిష్, నాలుగు రబ్బరు కాళ్ళు. వెనక లైటు రబ్బరు మార్పించా, అది ముందే చేసి ఉండాల్సింది. సౌండ్‌లో ఎమ్‌డీఎఫ్‌కీ దీనికీ తేడా ఉందా అంటే, లోపల అడ్డపట్టీ గట్టిగా ఉన్నంతవరకూ నా చెవికి తెలియలేదు. పావుగంట క్లాసు పీకిన నోటితోనే చెబుతున్నా ఈ మాట. ఇంట్లో గోడకి పెట్టే స్పీకర్లకి ఎమ్‌డీఎఫ్ భేషుగ్గా ఉంటుందేమో, మా ఊళ్ళో నవంబర్, డిసెంబర్ వానల్లో ఆరుబయట నిలబడే పాత కారుకి మాత్రం నేనైతే మళ్ళీ పెట్టను. షెడ్డు ఉన్నవాళ్ళ సంగతి వేరు. నా మాట విన్న ఆ ఇద్దరికీ ఫోన్ చేసి అడుగు చూసుకోమన్నా. ఒకాయనది బాగానే ఉందట, ఆయనకి షెడ్డుంది.

కొత్తదానికీ వంకలున్నాయి. మే నెల ఎండకి రెండు మూలల్లో కార్పెట్ జిగురు వదిలేసి పైకి లేచింది, మళ్ళీ అంటించినా మళ్ళీ లేస్తోంది. వూఫర్‌తో కలిపి 16 కిలోల పైమాటే, బెల్టు కట్టకపోతే కొండ మీద నుంచి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ ఇటు నుంచి అటు జారుతుంది. ఒకసారి అలిపిరి చెకింగ్ దగ్గర డిక్కీ తెరిపించి, ‘ఇందులో ఏముంది స్వామీ?’ అన్నారు. గాలి అన్నాను. అది తప్పు, అక్కడ జోకులు వేయకూడదు, ముందు జాలీ విప్పి చూపించేదాకా వదల్లేదు, వెనక కార్లన్నీ హారన్లు. అప్పట్నుంచి వైరుకి ఊడదీసే కనెక్టర్ పెట్టించుకున్నా, రెండు నిమిషాల్లో బాక్సు బయటికొచ్చేస్తుంది.

కట్టించుకోవాలా వద్దా అని అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. నేను రోజూ ఒక్కణ్ణే ప్రయాణం చేస్తా, సౌండ్ మరీ పెంచను, పాత పాటలే వింటా, నాకు నచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకే చిన్న కారులో ఊళ్ళు తిరిగేవాళ్ళకి డిక్కీ పోయినట్టే. నాకూ వారం మార్చి వారం పోతోంది. ఈ ఆదివారం మా అత్తగారు రేణిగుంటలో రైలు దిగుతున్నారు, రెండు సంచులు బియ్యంతో. బాక్సు ఇప్పుడు మంచం కింద ఉంది.