ప్యారిస్ ‘కపుల్ కాంబో’ల జోలికి పోకండి: మా డబ్బులు పోయిన తీరు

కొత్తగా పెళ్లయినవాళ్లు, పెళ్లిరోజుకి మొదటిసారి ప్యారిస్ వెళ్దామనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే కార్డు బయటికి తీయండి. ఐఫెల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, సేన్ నదిలో పడవ షికారు అన్నీ కలిపి ‘కపుల్ కాంబో’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. టవర్ టాప్ దాకా లిఫ్టు, ఎక్కడా క్యూ ఉండదు, పడవలో షాంపేన్, చేతికో గులాబీ. ఇద్దరికీ కలిపి 318 యూరోలు, మన డబ్బులో ముప్పై వేల పైమాటే. పేరు రాయను కానీ, ఇదే సరుకు పది పేర్లతో దొరుకుతోంది కాబట్టి ఒక్క పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు. పద్ధతి తెలిస్తే చాలు.

అసలు మెలిక ఏంటంటే, వాళ్లు అమ్మేది టికెట్ కాదు, వోచర్. ఆ వోచర్ పట్టుకుని టవర్ దగ్గరికి కాదు, పక్క వీధిలో కీచైన్లు, ఫ్రిజ్ మాగ్నెట్లు అమ్మే కొట్టు ముందుకి రమ్మన్నారు. అక్కడ క్లిప్‌బోర్డు పట్టుకున్న కుర్రాడొకడు పేర్లకి టిక్కులు పెడుతూ, ఇంకో నాలుగు జంటలు వచ్చేదాకా మమ్మల్ని ఎండలో నిలబెట్టాడు. తర్వాత అందర్నీ టవర్ చుట్టూ ఉన్న అద్దాల గోడ దాకా నడిపించుకెళ్లి సెక్యూరిటీ లైన్లో కలిపాడు. మామూలు జనం నిలబడ్డ లైనే అది. ‘మరి క్యూ ఉండదన్నారుగా’ అని మా ఆయన అడిగితే, అది టికెట్ కౌంటర్ క్యూ అన్నాడు. సెక్యూరిటీ తనిఖీ ఎవరికీ తప్పదు. కౌంటర్ క్యూ అంటారా, సొంతంగా ఆన్‌లైన్‌లో కొనుక్కున్న ఎవరికైనా అది ఎలాగూ ఉండదు. అంటే లేని క్యూ తప్పించినందుకు మా దగ్గర డబ్బు తీసుకున్నారన్నమాట!

లిఫ్టు దగ్గర పాసులు చేతిలో పెట్టాక చూస్తే అవి రెండో అంతస్తు వరకే. టాప్ 276 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రెండో అంతస్తు 116 మీటర్లు. టాప్ సంగతేంటని అడిగితే వోచర్ అడుగున సన్నక్షరాల్లో ఉన్న ‘లభ్యతను బట్టి’ అన్న ముక్క చూపించాడు. నన్నడిగితే ఊరు రెండో అంతస్తు నుంచే బాగా కనిపిస్తుంది, టాప్ నుంచి అన్నీ మరీ బుల్లిగా అయిపోతాయట. ఆ సంగతి వేరు. టవర్ సొంత సైట్‌లో రెండో అంతస్తు లిఫ్టు టికెట్ 2025లో 23 యూరోల చిల్లర, టాప్ దాకా 36 యూరోల చిల్లర. మా కాంబోలో ఒక్క టవర్ వాటాయే మనిషికి 79 యూరోలు.

లూవ్ర్ కథ ఇంకా ఘోరం. మా వోచర్ మీద ‘మంగళవారం, ఉదయం 10’ అని ఉంది. లూవ్ర్‌కి మంగళవారం సెలవు. ఎప్పుడో ఒకసారి కాదు, ప్రతి మంగళవారం. లూవ్ర్ గుమ్మం దగ్గరి గాజు పిరమిడ్ ముందు మాలాంటి వోచర్లతో ఇంకో జంట కూడా దిక్కులు చూస్తూ కనిపించారు. చాట్‌లో ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు చూడండి: మీరు స్లాట్ టైమ్‌కి లోపలికి వెళ్లలేదు కాబట్టి నో-షో (అంటే మీరు రానట్టే లెక్క), రీఫండ్ రాదు! మూసిన తలుపులోంచి ఎలా వెళ్లాలో అడిగాను, చాట్ కట్ చేశారు. పడవ షికారు మాత్రం జరిగింది. షాంపేన్ ప్లాస్టిక్ గ్లాసులో రెండు గుక్కలు. గులాబీ జాడ లేదు.

కాబట్టి టికెట్లు ఎక్కడివక్కడే కొనండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి యాడ్లు, కొన్ని అచ్చం అసలు సైట్ లాగే ఉంటాయి. టవర్ అసలు సైట్ అడ్రస్ చివర టూర్‌ఐఫెల్ డాట్ ప్యారిస్ అని ఉంటుంది. లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందు నుంచి ఇస్తారు, సీజన్‌లో టాప్ టికెట్లు తొందరగా అయిపోతాయి. ‘అసలు సైట్‌లో లేవు, మా దగ్గరే ఉన్నాయి’ అని ఈ కాంబోవాళ్లు గేలం వేసేది అప్పుడే. లూవ్ర్‌కి యూరప్ బయటినుంచి వచ్చే మనలాంటివాళ్లకి 2026 జనవరి 14 నుంచి 32 యూరోలు చేశారు, అంతకుముందు అందరికీ 22. అన్యాయమే, కానీ మధ్యవాళ్ల రేటు చూశాక అదే నయం అనిపిస్తుంది. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ ప్యాలెస్‌లకి సెలవు సోమవారం. ఎవరు ప్లాన్ వేసిచ్చినా వారాలు సరిచూసుకోండి.

నోత్ర్ దామ్ చర్చికి ‘ఎంట్రీ టికెట్’ అని ఎవరైనా డబ్బులడిగితే ఇంక మాట్లాడకుండా వచ్చేయండి. 2019 అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు, లోపలికి ప్రవేశం ఉచితం. చర్చి టవర్లు ఎక్కడానికి వేరే టికెట్. జంటలు కనిపిస్తే చాలు, వంతెనల మీద ప్రేమ తాళాలు (జంటలు పేర్లు రాసి వంతెనకి తగిలించేవి) అమ్మేవాళ్లు వెంటపడతారు. పోన్ దెజార్ వంతెన కటకటాల నుంచి ఆ తాళాలన్నీ 2015లోనే ఊడదీసేశారు, తగిలించడానికి వీల్లేదు. మోన్‌మార్త్ర్ కొండ మెట్ల దగ్గర చేతికి దారం కట్టడానికి వస్తారు. కట్టాక డబ్బులిచ్చేదాకా వదలరు, చేతులు జేబులో పెట్టుకుని నడవండి.

ఎయిర్‌పోర్టులో అరైవల్స్ దగ్గరే ‘టాక్సీ, టాక్సీ’ అని పక్కకి పిలిచేవాళ్లతో పోవద్దు. బోర్డు చూసుకుని టాక్సీ లైన్లోకే వెళ్లండి. షార్ల్ ద గాల్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ధర ప్రభుత్వమే ఖరారు చేసింది: సేన్ కుడి ఒడ్డుకి 56 యూరోలు, ఎడమ ఒడ్డుకి 65 (2025 రేట్లు). మెట్రోలో తిరగడానికి నవిగో ఈజీ అని రెండు యూరోల కార్డు ఉంటుంది, ఇద్దరికీ చెరొకటి తీసుకోండి. ఒకే కార్డు మీద ఇద్దరూ వెళ్తే చెకింగ్‌వాళ్లు ఫైన్ వేస్తారు, మొగుడూపెళ్లాలం అన్నా వినరు. కార్డు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే వాళ్ల మారకం రేటు బాదుతారు.

కొన్నప్పుడే ఆ యాడ్ పేజీని, ‘టాప్ దాకా’ అన్న లైను కనపడేలా, మా ఆయన స్క్రీన్‌షాట్ తీసి పెట్టారు. ఇంటికొచ్చాక క్రెడిట్ కార్డు బ్యాంకులో ‘చెప్పిన సేవ ఇవ్వలేదు’ అని డిస్ప్యూట్ వేశాం. మొదట అడిగింది ఆ స్క్రీన్‌షాటే. లూవ్ర్ మంగళవారం మూసి ఉంటుందని మ్యూజియం సైట్ పేజీ కూడా జతచేశాం. లూవ్ర్ వాటా డబ్బులు వెనక్కొచ్చాయి, టవర్‌ది ఇంకా నడుస్తోంది. ఇలాంటిదే ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ఆ కంపెనీ చాట్‌లో రోజులు పోగొట్టుకోకండి. డిస్ప్యూట్‌కి గడువుంటుంది, ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టేయండి.