సెట్టా, రన్నా: దేనికి అర్థాలెక్కువ?

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ 'సెట్'ది. ఒక్క క్రియగానే 430కి పైగా అర్థాలు! మూడో కూర్పు పని సాగుతుండగా 'రన్' దాన్ని దాటేసింది. క్రియగా దానికి 645 తేలాయి.

'రన్' అంటే పరుగు అనుకుంటాం. కానీ కుళాయి రన్ అయితే నీళ్లు పోతున్నట్టు, దుకాణం రన్ చేస్తే నడుపుతున్నట్టు, చీర రంగు రన్ అయితే దిగిపోయినట్టు. ఎటు తిప్పినా లోపల ఏదో కదలిక ఉంటుంది కాబట్టి ఊహించుకోవచ్చు.

'సెట్' అలా దొరకదు. సూర్యుడు సెట్ అయితే అస్తమించాడు, సిమెంటు సెట్ అయితే గట్టిపడింది, పెరుగైతే తోడుకుంది, తేదీ సెట్ చేశారంటే ఖాయం చేశారు. సిమెంటుకి 'హార్డెన్' అని మార్చి రాయొచ్చు, సూర్యుడికి రాస్తే నవ్వుతారు. లెక్కల్లో అదే సెట్ సమితి. నేర్చుకునేవాళ్లకి నా లెక్కన ఇదే కష్టం.

మన నోట్లో కూడా సెట్‌దే హవా. "సంబంధం సెట్ అయింది", "ఆ రంగు నీకు సెట్ కాలేదు" అంటాం. ఈ రెండోదాన్ని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త, అక్కడ 'సూట్' పడాలి.