బస్సు పార్సిల్లో హ్యామ్‌స్టర్ తెప్పించుకుంటున్నారా? అడ్వాన్స్ వేయకముందు ఇది చదవండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ మాట చెప్పాలని రాస్తున్నాను. పిల్లల కోసం హ్యామ్‌స్టర్ అనే ఎలకలాంటి చిన్న పెంపుడు జంతువుని కొందామని ఎవరైనా ఫోనులో వెతుకుతుంటే కాస్త ఆగండి. మాకు మొత్తం 2,900 రూపాయలు వదిలాయి. డబ్బు ఎలాగూ పోయింది, మూడో రోజు తెల్లారేసరికి ఒక ప్రాణం కూడా పోయింది.

అమ్మినవాడి పేరు రాయడం లేదు. రశీదు ఇవ్వలేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక ఫోన్ నంబరూ, డబ్బు వేసినట్టు బ్యాంకు మెసేజీ. పేరు పెడితే రేపు మన మీదకే వస్తాడని మావారి భయం. ఎలా అమ్ముతారో చెప్తాను, మీకు అది చాలు. ఇలా అమ్మేవాళ్ళు బోలెడుమంది.

మాది అద్దె ఇల్లు. కుక్కని పెంచొద్దన్నారు ఓనరు. పిల్లి అంటే మా అత్తగారికి పడదు. ఆరో తరగతి చదివే మా పాప వీడియోలు చూసి చూసి హ్యామ్‌స్టర్ కావాలని పట్టుబట్టింది. "ఎలకల మందు కొనుక్కునే కొంపలోకి ఎలకని కొని తెస్తారేటే" అని అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. ఆవిడ మాటే వినుంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనిపించింది, అది వేరే సంగతి. రాయగడలో మాకు తెలిసిన షాపుల్లో చేపలూ లవ్ బర్డ్సూ తప్ప ఇంకేం లేవు. అలా వెతగ్గా వెతగ్గా విశాఖ వైపు నుంచి పంపుతానన్న ఒకతను దొరికాడు.

మాట మహా తియ్యన. "జతగా తీసుకోండి మేడమ్, ఒక్కటే అయితే బెంగపెట్టుకుంటుంది. రెండూ ఆడవే, అక్కచెల్లెళ్ళు" అన్నాడు. జత 1,400, పంజరంతో సహా ఫుల్ కిట్ 1,200. డబ్బు ముందే వేసేశాను. గులాబీ రంగు బొమ్మరిల్లు పక్కన రెండు బంగారు రంగు బొద్దు హ్యామ్‌స్టర్ల ఫోటో పంపాడు. పాప దాన్ని నా ఫోనుకి వాల్‌పేపర్ చేసేసింది.

ఏప్రిల్ రెండో వారం. పొద్దున్న ఎక్కించిన పార్సిల్ పార్వతీపురం మీదుగా మధ్యాహ్నం రెండు దాటాక దిగింది. బస్టాండులో నిలబడితే చెప్పు కింద తారు మెత్తగా తగులుతోంది. డిక్కీలోంచి తీసి నా చేతిలో పెట్టింది ఒక మిఠాయి డబ్బా. పెన్నుతో పొడిచిన నాలుగు చిల్లులు, లోపల వడిలిన కీరదోస ముక్క, నీళ్ళు లేవు. ఫోటోలోని బొద్దు జంతువులు కావవి, నా బొటనవేలంత పిల్లలు. ఒకటి మూలకి ఒదిగి కళ్ళు సగం మూసుకుని ఉంది. దాని వెనక భాగమంతా తడి. పెట్టెలో ఉచ్చ పోసుకుందనుకున్నాను. ఫోన్ చేస్తే అతనూ అదే అన్నాడు, "ప్రయాణం బడలిక మేడమ్, రేపటికి గంతులేస్తుంది" అని.

అది బడలిక కాదు. వెట్ టెయిల్ అంటారట. తల్లి పాలు మానిన కొత్తలో, అంటే మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలకి, చోటు మారిన బెదురులో, ఇరుకులో, మురికిలో పట్టుకునే విరేచనాల జబ్బు. పేగులో బాక్టీరియా పెరిగి నీళ్ళలా పోతుంది, తోక చుట్టూ ఎప్పుడూ తడిగా ఉంటుంది, చెడు వాసన వేస్తుంది. చెంచాడు రక్తం కూడా లేని ప్రాణి ఒంట్లో నీరు ఎంతసేపు నిలుస్తుంది? రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. తడి కనబడిన రోజే డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. నేను ఒక రోజు ఆగాను.

రెండో రోజు అతనే మళ్ళీ ఫోన్ చేసి ఇంకో సలహా ఇచ్చాడు. మెడికల్ షాపులో పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ కొని రెండు చుక్కలు వేయమన్నాడు. దయచేసి ఈ ముక్క గుర్తుంచుకోండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు హ్యామ్‌స్టర్ పాలిట విషం. పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి, చెడ్డది విజృంభించి, మందే మట్టుబెడుతుంది. సీసా కొనేశాను కూడా. వేయకముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళడం మా అదృష్టం. డాక్టరు గారు దాచుకోకుండా "మా చేతుల మీదుగా వెళ్ళేవి ఆవులూ మేకలూ, వీటితో నాకు అలవాటు తక్కువ" అనే మొదలుపెట్టారు. కానీ సీసా చూడగానే పక్కన పెట్టించి, ఒంట్లోకి నీరు ఎక్కించే ఏర్పాటు చేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. మర్నాడు తెల్లవారుజామున పాప అరచేతిలోనే పోయింది.

ఇక్కడితో ఆగుంటే సరిపోయేది. "అయ్యో మేడమ్, ఫ్రీగా ఇంకోటి పంపిస్తాను, పార్సిల్ ఛార్జీ మూడొందలు వేయండి చాలు" అన్నాడు. వేశాను. ఏడుస్తున్న పిల్లని పక్కన పెట్టుకుని ఆ మాట వింటే మీరూ వేసేవారేమో. వచ్చింది పిల్ల కాదు, బాగా ఎదిగినది. "తోడు దొరికింది" అని ఉన్నదాని పంజరంలోనే వదిలాను. రాత్రి పదకొండున్నరకి కీచుమని ఒక్క అరుపు. లైటు వేసి చూస్తే చిన్నదాని చెవి చిరిగి ఉంది, పడక కోసం పరిచిన పీచంతా రక్తం.

జత అన్న మాటే పెద్ద అబద్ధం. బంగారు రంగువి సిరియా జాతివి. సిరియాలో అలెప్పో అనే ఊరి దగ్గర పొలాల్లో 1930లో ఒక బొరియ తవ్వి తీసిన తల్లీ పిల్లల సంతతే ఇవాళ ఇళ్ళల్లో పెరిగేవాటిలో దాదాపు అన్నీ. అక్కడ ఒక్కో బొరియలో ఒక్కో జంతువు, అంతే. ఆరేడు వారాలు దాటాక అక్కచెల్లెళ్ళయినా కొట్టుకుంటాయి, ఒకదాన్నొకటి చంపుకోవచ్చు కూడా. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకోవడం కాదు, హాయిగా ఉంటుంది. రెండు అమ్ముడుపోతే రెండింతల డబ్బు కాబట్టి బెంగ కథ చెబుతారు. పైగా ఆడా మగా తేడా కూడా చూడకుండా "రెండూ ఆడవే" అంటారు. మాకు వచ్చిన పెద్దది మగది. కలిసుంటే పదహారు రోజులకి ఎనిమిదీ పదీ పిల్లలు. వాటిని ఎవరికిస్తాం?

అప్పటికప్పుడు చిన్నదాన్ని ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, మూతకి మేకు కాల్చి చిల్లులు పొడిచి గట్టెక్కాం.

ఇక ఆ ఫుల్ కిట్ సంగతి. నా లెక్కలో జబ్బు పిల్ల కంటే ఇది పెద్ద మోసం, ఎందుకంటే ఆరోగ్యంగా వచ్చినదాన్ని కూడా ఇది మెల్లగా పాడుచేస్తుంది. పంజరం నా కుట్టు మిషను బల్ల మీది డబ్బా అంత. సిరియా జాతికి కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు నేల ఉండాలి. ఆ ఇరుకులో అది రాత్రంతా ఊచలు కొరుకుతూ కూర్చునేది. పళ్ళకి పని కావాలని కొరుకుతోంది అన్నాడు అతను. పళ్ళు జీవితాంతం పెరుగుతాయన్నది నిజమే, దానికి జామ కొమ్మ చాలు. ఊచలు కొరకడం మాత్రం విసుగు పుట్టి. అది పరుగెత్తడానికని ఇచ్చిన చక్రం జానెడు కూడా లేదు, మధ్యలో కమ్మీలు. ఎక్కితే వెన్ను విల్లులా వంగుతోంది. కమ్మీల మధ్య కాలు ఇరుక్కుంటే విరుగుతుంది. సందుల్లేని చక్రం, పెద్దదానికి 28 సెంటీమీటర్లు దాకా ఉండాలి. పడక కోసం ఇచ్చిన దూదిలాంటి పీచు అన్నిటికంటే ప్రమాదం. దారాలు కాళ్ళకి చుట్టుకుంటాయి, తిండి దాచుకునే బుగ్గ సంచుల్లో కుక్కుకుంటే లోపల అడ్డుపడుతుంది. స్నానం పౌడరని ఒక పొట్లం కూడా ఇచ్చాడు, దాని దుమ్ము ఊపిరితిత్తులకి చేటు.

మేం చేసుకున్నది చెప్తాను, పనికొస్తే చేసుకోండి. పాత టీవీ స్టాండు పడుకోబెట్టి, ముందు వైపు సన్న జాలీ కొట్టించాం. వడ్రంగి 700 తీసుకున్నాడు. పడకకి తెల్ల కాగితం ముక్కలు, పేపర్ మిల్లున్న ఊరి పక్కన ఉంటూ కాగితానికి కరువేమిటి! అచ్చు సిరా లేనిది, సెంటు లేనిది అయితే చాలు. జానెడు మందం పోస్తే బొరియలు తవ్వుకుని పగలంతా అందులోనే నిద్ర. స్నానానికి, అంటే ఇసుకలో దొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకోడానికి, నాగావళి ఇసుక కడిగి, జల్లించి, బాణలిలో వేయించి చల్లార్చి గిన్నెలో పెట్టాం. దాని ఒళ్ళు నీళ్ళతో మాత్రం ఎప్పుడూ కడగొద్దు. దాని ఇల్లు అంచు విరిగిన మట్టి కుండ.

కుండ ఎందుకంటే ఎండకి. 30 డిగ్రీలు దాటితే దీనికి కష్టకాలం, మన ఏప్రిల్, మే సంగతి చెప్పక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు గడ్డకట్టిన నీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పెట్టె పక్కన పెడతాను. బల్లపరుపుగా పడుకుని ఆయాసపడుతుంటే చల్లటి చోటికి మార్చి డాక్టరుకి ఫోన్ చేయండి. సెమిలిగుడ, పొట్టంగి వైపు వాళ్ళకి తిరగబడ్డ సమస్య. చలి బాగా పెరిగితే ఇది కదలకుండా కొయ్యబారి పడుకుంటుంది. చచ్చిందనుకుని పూడ్చిపెట్టినవాళ్ళున్నారు. మెల్లగా వెచ్చబరచి చూడండి.

తిండికి మన ఇళ్ళల్లో ఉన్నవే. చోళ్ళు, కొర్రలు, సామలు, కీరదోస, అప్పుడప్పుడూ ఉడికిన గుడ్డు తెల్లసొన చిటికెడు. అతనిచ్చిన పొట్లంలో సగం పొద్దుతిరుగుడు గింజలు, ఒళ్ళు పెంచడానికి తప్ప పనికిరావు. ఉల్లి, వెల్లుల్లి, కమలా, నిమ్మ, చాక్లెట్ ఇవ్వకూడదు. పక్కింటి మౌసీ ప్రేమగా కమలా తొన పెట్టబోతే ఆపాల్సొచ్చింది, ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

కొనాలనే ఉంటే ఇవి అడగండి. పెంపుడు జంతువుల షాపులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని 2018లో నియమాలొచ్చాయి. ఆ నంబరు అడిగితే అతను "మనం ఇంట్లోంచి అమ్ముతాం మేడమ్" అని నవ్వేశాడు. అక్కడే ఆగాల్సింది. అతని స్టేటస్‌లో రామచిలక పిల్లలు కూడా కనబడ్డాయి. వాటిని అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అలాంటివాడి దగ్గర హ్యామ్‌స్టర్ కొన్నది మన బుద్ధితక్కువ. ఆ రోజు తీసిన వీడియో అడగండి, కళ్ళు, తోక కింద, నడక కనబడేలా. ఎన్ని వారాలదో, ఆడో మగో రుజువు అడగండి. మార్చి నుంచి జూన్ దాకా బస్సులో పంపుతానంటే వద్దనేయండి. విశాఖ వెళ్ళే పనుంటే కళ్ళారా చూసి చేత్తో తెచ్చుకోవడం నయం. వైద్యానికి భువనేశ్వర్ మనకి దూరం, గరివిడి వెటర్నరీ కాలేజీ దగ్గర. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, చాట్లూ చెల్లింపు మెసేజీలూ చెరపకుండా ఉంచండి.

మగదాన్ని పార్వతీపురంలో మా తమ్ముడు తీసుకున్నాడు. చెవి చిరిగినది మా దగ్గరే ఉంది. రాత్రి తొమ్మిదికి లేస్తుంది, అత్తగారే దాని నీళ్ళ సీసా మూతి దగ్గరి గుండు వేలితో నొక్కి నీళ్ళు వస్తున్నాయో లేదో చూస్తున్నారు.

నిన్న ఇంకో నంబరు నుంచి ఒక గ్రూపులో అదే ఫోటో వచ్చింది. గులాబీ రంగు బొమ్మరిల్లు, పక్కన రెండు బొద్దు హ్యామ్‌స్టర్లు, కింద "జత 1,500, ఒడిశా బస్సు పార్సిల్ కలదు". ఆ ఫోటో మీ దాకా వస్తే డబ్బు వేయకండి, ఆ నంబరు నాకు పంపండి.